పాతకాలపు ప్యారిస్ గౌను చూసి మంగళగిరి నూలుతో గౌను కుట్టుకోవడం ఎలా?

ఫోనులో ఒక బొమ్మ చూపించి, "ఇలాంటిది ఇంట్లో మిషను మీద కుట్టగలమా అండీ?" అని అడిగేవారు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. ఆ బొమ్మలో చాలాసార్లు 1940లు, 50ల నాటి ప్యారిస్ గౌను ఒకటి ఉంటుంది. సన్నని నడుము, పిక్కల దాకా దిగే నిండైన ఘేరా (నడుము కింది భాగం), ఎక్కడా ముడత లేని పై బాడీ కనబడతాయి. విడివిడిగా జవాబు చెప్పేకన్నా ఒకచోట వరసగా రాయడం మేలనిపించి ఇది రాస్తున్నాను. గౌను మొత్తాన్ని ఉన్నదున్నట్టు దించాలని చూస్తే కుదరదు. అందులోంచి ఒక్క సంగతిని ఎంచుకొని, దాని లోపలి పనితో సహా మన గుడ్డకూ మన ఎండకూ తగినట్టు మార్చుకుంటే మాత్రం తప్పకుండా కుదురుతుంది. చాలామంది బొమ్మలో పైకి కనబడే ఆకారాన్ని మాత్రమే చూస్తారు కానీ, ఆ ఆకారాన్ని నిలబెట్టేది లోపల దాగిన అస్తరు (లైనింగు), నడుము పట్టీ, చేతి కుట్టు.

కుట్టడం మొదలుపెట్టే ముందు తెలుసుకోవలసినది కొద్దిగానే ఉంది. చార్ల్స్ ఫ్రెడరిక్ వర్త్ 1858లో ప్యారిస్‌లో తన దుకాణం తెరిచిన నాటి నుంచి, ఒక్కొక్కరి ఒంటి కొలతకు ఎక్కువ భాగం చేతితో కుట్టే పద్ధతి అక్కడ స్థిరపడింది. దానినే ఓట్ కుట్యూర్ అంటారు. కుట్యూర్ అంటే ఫ్రెంచిలో కుట్టుపని అనే అర్థం. వినడానికి మన కుట్టులాగే ఉన్నా రెంటికీ చుట్టరికం లేదు. అక్కడి డిజైనరు క్రిస్టియన్ డియోర్ 1947 ఫిబ్రవరి 12న చూపించిన మొదటి దుస్తుల వరుసలో బిగువైన నడుము, కుచ్చిళ్ల ఘేరా వచ్చాయి. మీరు పంపే బొమ్మల్లో సగం ఆ వంశానివే. మరో డిజైనరు క్రిస్టోబల్ బలెన్సియాగా 1957లో నడుమే లేని సంచి గౌను చూపించాడు. మాడలీన్ వియోనే 1920లు, 30లలో గుడ్డను క్రాసుగా (నేతకు ఏటవాలుగా) వాడి, ఒంటి వెంట జారే గౌన్లు తయారుచేసింది. ఈ మూడింటిలో మొదటిదాన్నే ఇక్కడ వివరంగా చెబుతాను, ఎందుకంటే ప్రశ్నలన్నీ దాని మీదే వస్తున్నాయి. మిగిలిన రెండింటి సంగతి చివర క్లుప్తంగా చెబుతాను.

కొలతలు అర్థం కావడానికి నడుము 28 అంగుళాలు, ఘేరా పొడవు 29 అంగుళాలు ఉన్న ఒక మనిషిని ఉదాహరణగా తీసుకున్నాను. మీ అంకెలను మీరు వేసుకోండి.

కావలసినవి

- ఒకవైపైనా జరీ అంచు ఉన్న, 44 అంగుళాల పన్నా (వెడల్పు) గల మంగళగిరి నూలు గుడ్డ మూడుంపావు మీటర్లు
- అస్తరుకు పలచని మల్లు గుడ్డ లేదా కేంబ్రిక్ రెండు మీటర్లు
- నమూనాకు కోరా గుడ్డ మీటరున్నర
- ఒక అంగుళం వెడల్పు గల నూలు ట్విల్ టేపు రెండు మీటర్లు, గట్టి హుక్కులు రెండు జతలు
- 14 అంగుళాల జిప్పు, గుడ్డ రంగు నూలు దారం, టాకాలకు (తరువాత తీసేసే తాత్కాలిక చేతి కుట్లకు) వేరే రంగు దారం
- టేపు, సుద్ద, గుండుసూదులు, పొడుగు స్కేలు, గుడ్డకు మాత్రమే వాడే కత్తెర

విజయవాడ వారికి అస్తరు, కోరా గుడ్డ వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల బజారులో దొరుకుతాయి. గుంటూరు వారు పట్నంబజారు వైపు చూడవచ్చు. మంగళగిరి రెండు ఊళ్లకూ మధ్యలోనే ఉంది కనుక ఆ గుడ్డను నేరుగా అక్కడికే వెళ్లి, పగటి వెలుతురులో విప్పించి చూసి కొనుక్కోవడం మంచిది. నడుము పట్టీకి ట్విల్ టేపు కొనేటప్పుడు పాలియెస్టరుది ఇస్తే తీసుకోకండి. చెమట పట్టే చోట అది ఒరుసుకొని నడుము చుట్టూ ఎర్రని గీత పడుతుంది.

1. బొమ్మను చదవడం

ఎక్కడో ఎవరో పంచుకున్న మసక బొమ్మతో పని మొదలుపెట్టకండి. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం, లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం తమ సేకరణలోని దుస్తుల చిత్రాలను వివరాలతో సహా ఉచితంగా చూడనిస్తున్నాయి. ఒకే గౌనుకు ముందు, వెనుక, పక్క చిత్రాలు మూడూ ఉన్నదాన్ని ఎంచుకోండి. లోపలి భాగం చూపించే చిత్రం దొరికితే అదృష్టమే.

ఇప్పుడు తెల్లకాగితం మీద గౌను బొమ్మ గీసి, కుట్టు ఉన్న ప్రతి చోటా ఒక గీత పెట్టండి. బొమ్మ అందంగా రావలసిన పని లేదు. భుజం కుట్టు ఎక్కడ ఉంది, డాట్లు (ఒంటికి అమరేలా గుడ్డను మడిచి వేసే కోణపు కుట్లు) పక్క నుంచి వచ్చాయా కింది నుంచి వచ్చాయా, ఘేరా కుచ్చిళ్లతో వచ్చిందా లేక గుండ్రని కత్తిరింపుతో వచ్చిందా, జిప్పు ఎక్కడ దాగింది అనే నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికితే చాలు. ఆ తరువాత ఈ గౌనులో మీకు నచ్చినది ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి. వాక్యంలో "మరియు" వచ్చిందంటే మీరు ఇంకా ఎంచుకోలేదన్నమాట. నడుమూ కావాలి, బుట్ట చేతులూ కావాలి, వెనుక పెద్ద ముడీ కావాలి అనుకున్న గౌను చివరకు నాటకానికి వేసిన వేషంలా తయారవుతుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. మ్యూజియంలో గౌను తొడిగిన బొమ్మకు ఆ గౌను నిండేలా దూది, గుడ్డ చుట్టి ఆకారం తెస్తారు. పైగా ఆ కాలంలో గౌను కింద నడుమును బిగించే లోదుస్తు, ఘేరాను లేపే పెటికోట్లు ఉండేవి. అంచేత చిత్రంలో కనబడే నడుముకూ తొడల దగ్గరి వెడల్పుకూ ఉన్న తేడా మీ ఒంటి మీద రాకపోతే అది మీ కుట్టు తప్పూ కాదు, మీ ఒంటి తప్పూ కాదు.

2. గుడ్డ, అంచు, లెక్క

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. జరీ అంచు తిన్నగా నేసి ఉంటుంది. గుండ్రంగా కత్తిరించిన ఘేరా అంచు వంపు తిరిగి ఉంటుంది. ఈ రెండూ ఎన్నడూ కలవవు. మా చెల్లెలి కూతురు కళాశాల వీడ్కోలు సభకు గౌను కావాలంటే, నేను ఈ సంగతి ఆలోచించకుండా మంచి నిజాం అంచు గుడ్డను అంబ్రెల్లా కట్‌లో కోశాను. రెండు పక్కలా పన్నా అంచు తగిలిన చోట మాత్రం బెత్తెడేసి జరీ ముక్క కనబడి, మిగతా చుట్టంతా బోడిగా మిగిలింది. తరువాత అంచును విడిగా కోసి చుట్టూ అతికించబోతే వంపు దగ్గర ముడుచుకుపోయింది. ఆ అమ్మాయి పాపం పాత చుడీదారు వేసుకొని వెళ్లింది.

అంచు ఉన్న గుడ్డకు మన పరికిణీ కత్తిరింపే సరైనది. అంచు కిందికి వచ్చేలా గుడ్డను అడ్డంగా తిప్పి, పైన కుచ్చిళ్లు పట్టాలి. డియోర్ 1947 నాటి ప్రసిద్ధమైన నల్ల ఘేరా కూడా కుచ్చిళ్లదే కనుక మీరు మూలానికి దూరంగా పోవడం లేదు.

లెక్క ఇలా చూడండి. నడుము 28కి వదులు ఒక అంగుళం కలిపితే 29. ఒక్కో కుచ్చిలికి పైకి కనబడే వెడల్పుకు మూడింతల గుడ్డ కావాలి కనుక 29ని మూడుతో హెచ్చిస్తే 87. కుట్టు మార్జిను అంగుళంన్నర కలిపితే 88.5 అంగుళాలు, అంటే రెండుంపావు మీటర్లు సరిగ్గా సరిపోతుంది. పన్నా 44లో ఘేరా పొడవు 29, పై కుట్టుకు ఒకటి, మట్టం సరిచేయడానికి రెండు పోగా 12 అంగుళాల వెడల్పు గల పొడుగాటి ముక్క మిగులుతుంది. రెండో పక్కా అంచు ఉన్న గుడ్డ అయితే మోచేతి దాకా వచ్చే చేతులను ఆ ముక్కలోనే, అంచు చేతి చివరకు వచ్చేలా కత్తిరించుకోవచ్చు. మిగిలిన మీటరు పై బాడీకి సరిపోతుంది.

నెమలికంఠం రంగు వంటి, పడుగు ఒక రంగు పేక ఒక రంగు అయిన గుడ్డతో జాగ్రత్తగా ఉండాలి. ఘేరా అడ్డంగానూ బాడీ నిలువుగానూ కోస్తే రెండూ వేరువేరు రంగుల్లా కనబడతాయి. దుకాణంలోనే గుడ్డ కొసను అడ్డం తిప్పి పక్కన పెట్టి చూడండి. తేడా తెలుస్తూ ఉంటే బాడీని కూడా అడ్డంగానే కోయాలి, లేదా ఏకరంగు గుడ్డకు మారాలి.

3. తడపడం, నేత సరిచూడటం

గుడ్డనూ అస్తరునూ విడివిడిగా చన్నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, పిండకుండా నీడలో ఆరవేయండి. రంగు నిలబడాలని కొందరు రాళ్ల ఉప్పు వేస్తారు కానీ, ఉప్పు లోహానికి పడదు కనుక జరీ ఉన్న గుడ్డకు వేయకండి. కాస్త చెమ్మ ఉండగానే తిరగవైపు నుంచి ఇస్త్రీ చేయండి. జరీ మీద నేరుగా పెట్టె పెట్టకుండా పైన పలచని గుడ్డ పరవండి.

తరువాత కోసిన కొస దగ్గర ఒక పేక దారాన్ని పట్టి మెల్లగా లాగితే గుడ్డ మీద సన్నని గీత పడుతుంది. ఆ గీత వెంట కత్తిరించండి. దుకాణంలో చించి ఇచ్చిన గుడ్డయినా సరే, ఈ పని మానకండి.

4. కొలతలు

నడుము చుట్టూ ఒక సన్నని ఎలాస్టిక్ కట్టుకొని, అటూ ఇటూ రెండుసార్లు వంగి లేవండి. అది ఆగిన చోటే మీ అసలు నడుము. చీర కట్టే చోటు దానికి కిందుగా ఉంటుంది కనుక అలవాటు కొద్దీ అక్కడ కొలిస్తే గౌను మొత్తం చెడుతుంది. ఛాతీ, నడుము, భుజం వెడల్పు, ముందు భుజం నుంచి డాట్ కొన దాకా, ముందు భుజం నుంచి నడుము దాకా, వెనుక మెడ ఎముక నుంచి నడుము దాకా, చంక చుట్టు, నడుము నుంచి ఘేరా పొడవు అనే ఎనిమిది కొలతలు చాలు. టేపు ఒకరు పట్టుకుంటే మరొకరు నిటారుగా నిలబడాలి. తమను తాము కొలుచుకునేవారికి వెనుక కొలత ఎప్పుడూ తప్పుతుంది.

5. కోరా గుడ్డ నమూనా

ప్యారిస్ కుట్టువారు అసలు గుడ్డను కోసే ముందు చవక నూలు గుడ్డతో గౌను కుట్టి, ఒంటి మీద వేసి సరిచూసేవారు. ఈ ఒక్క అలవాటు పట్టుబడితే మీ కుట్టు సగం బాగుపడుతుంది. గుడ్డ దండగని చాలామంది దీన్నే వదిలేస్తారు. మీటరున్నర కోరా గుడ్డ పోతే పోయింది, మూడుంపావు మీటర్ల మంగళగిరి గుడ్డ మాత్రం దక్కుతుంది.

టైలరుకు ఇచ్చే ఆది జాకెట్టు మన ఇళ్లలో తప్పకుండా ఉంటుంది. దానితో సమానంగా అమరిన పాత జాకెట్టు ఒకటి తీసి, కుట్లన్నీ విప్పి, ఇస్త్రీ చేసి, ముక్కలను కాగితం మీద పరిచి గీయండి. జాకెట్టు ఛాతీ కిందనే ఆగిపోతుంది కనుక పక్క గీతనూ డాట్ల గీతలనూ నడుము దాకా కిందికి పొడిగించాలి. జాకెట్టు ఒంటికి అతుక్కొని ఉంటుంది, గౌను అలా ఉండకూడదు. ఛాతీ దగ్గర మొత్తం చుట్టు మీద రెండు అంగుళాలు, నడుము దగ్గర ఒక అంగుళం వదులు ఉంచండి. జాకెట్టు మెడ లోతును వదిలేసి, బోట్ నెక్ గీయండి. ఈ గౌనుకు జిప్పు ఎడమ పక్కన వస్తుంది, గౌనును తల మీదుగా తొడుక్కోవాలి కనుక మెడ చుట్టుకొలత 24 అంగుళాలకు తగ్గకుండా చూసుకోండి. మెడ కుట్టేశాక తల పట్టలేదని రాసినవారు ఒకరు కాదు, ఇద్దరు కాదు.

కోరా గుడ్డ మీద బాడీని మాత్రం కోసి, మిషను మీద పొడుగు కుట్టుతో కలిపి, ఎడమ పక్కను తెరిచి ఉంచి తొడుక్కొని, ఆ పక్కను గుండుసూదులతో మూయండి. అద్దం ముందు నిలబడి ముడతలను చదవండి.

అడ్డంగా గీతల్లా ముడతలు పడితే ఆ చోట బిగువు ఎక్కువైంది. పక్క కుట్టు విప్పి వదలాలి. నిలువుగా మడత వేలాడితే వదులు ఎక్కువైంది. ఆ మడతను అక్కడే గుండుసూదితో పట్టి డాట్‌లో కలపాలి. ఏటవాలుగా పడే ముడతను జాగ్రత్తగా చూడండి. అది ఏ రెండు చోట్ల మధ్య పరుగెత్తుతున్నదో ఆ రెండింటిలో ఒకటి తప్పు. డాట్ కొన నుంచి చంక వైపు పోతుంటే ఛాతీకి గుడ్డ చాలలేదు, డాట్ లోతు పెంచి పొడవు కలపాలి. మెడ మూల నుంచి చంక వైపు పోతుంటే భుజం వాలు మీ భుజానికి సరిపోలేదు. భుజం కుట్టు విప్పితే గుడ్డ తనంతట తానే ఎక్కడికి జారుతుందో చూసి, అక్కడే తిరిగి సూదులు పెట్టండి. వెనుక నడుముకు పైన గుడ్డ పోగుపడితే వీపు పొడవు ఎక్కువైనట్టు. అడ్డంగా ఒక మడత పట్టి తీసేయండి.

ఒక్కసారికి ఒక్క తప్పే దిద్దండి. రెండు చోట్ల ఒకేసారి సూదులు పెడితే ఏది పనిచేసిందో తెలియదు. అంతా సరిపోయాక సుద్దతో నడుము గీత, డాట్ కొనలు, భుజం గీత స్పష్టంగా గీసి, కుట్లు విప్పండి. ఆ కోరా ముక్కలే ఇక మీ కాగితం కటింగు. వాటి మీద తేదీ, ఎవరి కొలతో రాసి దాచుకోండి.

6. అస్తరు జోడించడం

డియోర్ ఆ రోజుల్లో పలచని గుడ్డలకు వెనుక దట్టంగా నేసిన నూలు గుడ్డనో టఫెటానో వేయించేవాడు. పై గుడ్డను, అస్తరును వేరువేరుగా కుట్టకుండా ఒకే గుడ్డగా కలిపి కుట్టడం అందులో రహస్యం. ఇది ప్యారిస్ వెళ్లి నేర్చుకోవలసిన విద్య కాదు. బెజవాడ సందుల్లో లైనింగు జాకెట్టు కుట్టే ప్రతి టైలరూ రోజూ చేసే పని ఇదే.

పై గుడ్డ ముక్కను, అస్తరు ముక్కను తిరగవైపులు ఎదురెదురుగా పెట్టి, బల్ల మీద చదునుగా పరిచి, మధ్య నుంచి అంచుల వైపుకు చేత్తో నిమురుతూ చుట్టూ పొడుగు టాకాలు వేయండి. డాట్ మధ్య గీత వెంట కూడా ఒక వరస టాకాలు వేయాలి. దీన్ని మిషను మీద వేస్తే కింది గుడ్డ జరిగి పై గుడ్డ మీద బుడగల్లా లేస్తుంది, అందుకని చేతితోనే వేయండి. ముక్కను అరచేతిలో వంచి పట్టుకొని చూసినప్పుడు రెండు గుడ్డలూ కలిసే వంగితే సరిగ్గా వచ్చినట్టు. ఘేరాకు అస్తరు ఈ విధంగా కలపవద్దు. కుచ్చిళ్లు లావై నడుము దగ్గర చుట్టకుదురులా తయారవుతుంది. కావాలంటే మిగిలిన మల్లు గుడ్డతో లోపల విడిగా పలచని పెటికోట్టు వేసుకోండి.

7. పై బాడీ

ముందు డాట్లు, తరువాత భుజాలు, మెడ, ఆ తరువాత చేతులు, చివరకు కుడి పక్క కుట్టండి. మెడకు క్రాసు పట్టీ వేసి లోపలికి తిప్పి చేతితో హెమ్మింగు చేస్తే సన్నగా కూర్చుంటుంది. ప్రతి కుట్టునూ కుట్టిన వెంటనే ఇస్త్రీతో తెరవండి. పక్క కుట్లకు అంగుళంన్నర మార్జిను ఉంచి, కోసేయకుండా అంచులను చేతితో చుట్టండి. పాత ప్యారిస్ గౌన్ల లోపల చూస్తే మార్జిన్లు ఇలాగే ఉదారంగా ఉంటాయి. ఒళ్లు మారినప్పుడు విప్పి వదలడానికి మన జాకెట్లలో వేసే రెండు మూడు వరసల కుట్ల ఆలోచనే అది.

8. కుచ్చిళ్లు

ఘేరాకు ఒకే ఒక్క నిలువు కుట్టు ఉంటుంది, అది జిప్పు వచ్చే ఎడమ పక్కనే. పై అంచు వెంట ప్రతి అంగుళానికీ గుర్తు పెట్టుకొని, ఒక అంగుళం పైకి, రెండు అంగుళాలు లోపలికి పోయేలా ఒకే దిక్కుకు మడవండి. చీర కుచ్చిళ్లు పెట్టే చేతికి ఇది కొత్త కాదు కానీ, చీరలో చూపుతో సరిపెట్టుకోవచ్చు, ఇక్కడ స్కేలు కావాలి. మొత్తం 29 కుచ్చిళ్లు వస్తాయి. ఒక్కో కుచ్చిలిలో వీసం (పదహారో వంతు) అంగుళం తేడా వచ్చినా, చివరకు నడుము దగ్గర దాదాపు ఒకటింముప్పావు అంగుళం తప్పుతుంది. ఏడేసి కుచ్చిళ్లకు ఒకసారి టేపు పెట్టి ఏడు అంగుళాలు వచ్చిందా అని చూసుకుంటూ పోండి. తేడా వస్తే ఆ ఏడింటిలోనే సర్దండి, చివరి దాకా మోసుకుపోకండి.

అంత ఓపిక లేనివారు సన్న ఫ్రిల్లుగా కుదించుకోవచ్చు. అప్పుడు నడుము కాస్త లావుగా కనబడుతుంది, పరికిణీ పోలిక ఎక్కువవుతుంది. చిన్నపిల్లల గౌనుకైతే అదే బాగుంటుంది.

కుచ్చిళ్లను టాకాలతో పట్టి, బాడీకి కూడా టాకాలతోనే కలిపి, తొడుక్కొని చూడండి. నేల నుంచి అంచు ఎత్తును ఎనిమిది చోట్ల స్కేలుతో కొలవండి. కింద జరీ అంచు ఉంది కనుక మట్టం సరిచేయవలసింది కింద కాదు, పైన నడుము దగ్గర. అంచు ఎక్కడ కిందికి దిగిందో అక్కడ పై అంచును అంతమేర పైకి లాగి కుట్టాలి. పొట్ట, పిరుదుల వల్ల ముందు వెనుకల తేడా రావడం మామూలే. పైన ఉంచుకున్న రెండు అంగుళాలు ఇందుకే. అంచును కింద మడిచి కుట్టినవారి గౌనులో జరీ ఒకచోట రెండు అంగుళాలు, మరోచోట అర అంగుళం కనబడి, తప్పు దూరానికే తెలిసిపోతుంది.

9. నడుము పట్టీ

ఇది పైకి కనబడదు, ఏ బొమ్మలోనూ ఉండదు. నాటి గౌన్లు అంత నిటారుగా నిలవడంలో ఎక్కువ పాలు దీనిదే. ఘేరా బరువంతా భుజాల మీద వేలాడకుండా నడుము మీద నిలిపేది ఈ పట్టీయే.

ట్విల్ టేపును ఒంటి నడుముకు సరిగ్గా, అంటే 28 అంగుళాలకు కొలిచి, రెండు కొసలా మడవడానికి అంగుళం చొప్పున కలిపి కోయండి. కొసలు మడిచి హుక్కులు కుట్టండి. హుక్కులు ఎడమ పక్కన జిప్పు లోపలికి రావాలి. పట్టీని గౌను నడుము కుట్టు మీద ఆనించి, కుడి పక్క కుట్టు దగ్గర, డాట్ల దగ్గర మాత్రం లోపలి మార్జినుకు నాలుగేసి కుట్లతో చేతితో కుట్టండి. పై గుడ్డలోకి సూది దిగకూడదు. జిప్పుకు రెండు పక్కలా రెండేసి అంగుళాలు కుట్టకుండా వదలాలి, లేకపోతే హుక్కు పెట్టడానికి చేయి పట్టదు. గౌను నడుము 29, పట్టీ 28 కనుక పైన గుడ్డ బిగవకుండా సుఖంగా కూర్చుంటుంది.

తొడుక్కునేటప్పుడు ముందు పట్టీ హుక్కు పెట్టి, ఆ తరువాత జిప్పు లాగాలి. జిప్పు తేలికగా పైకి పోవాలి. బలం పెట్టవలసి వస్తే పట్టీ వదులుగా ఉందన్నమాట. అన్నం తిని కూర్చున్నప్పుడు ఊపిరి ఆడకపోతే బిగువుగా ఉందన్నమాట. మే నెలలో వేసుకునే గౌనుకైతే పట్టీని అర అంగుళం వదులు చేసుకోండి.

10. జిప్పు

నడుముకు పైన ఆరు, కింద ఎనిమిది అంగుళాలు వచ్చేలా జిప్పును టాకాలతో పెట్టి, పై గుడ్డ మీద పావు అంగుళానికి ఒక చుక్క కనబడేలా వెనుక కుట్టుతో (బ్యాక్ స్టిచ్) చేతితోనే కుట్టండి. మిషను మీద వేసేవారికి కుచ్చిళ్లు జిప్పు పళ్లలో ఇరుక్కోవడం మామూలే. జిప్పుకు రెండు పక్కలా నడుము కుట్టు ఒకే ఎత్తున కలిసిందో లేదో జిప్పు మూసి చూడండి. వీసమంత తేడా ఉన్నా ఎదుటివారి కన్ను అక్కడికే పోతుంది.

పూర్తయ్యాక సరిచూడటం

దారానికి ఒక చిన్న నట్టు కట్టి, చంక కింద నుంచి వేలాడదీయండి. రాజమిస్త్రీ గోడకు పెట్టే తూకంలాంటిదే ఇది. పక్క కుట్టు ఆ దారం వెంట తిన్నగా దిగాలి. ముందుకు లాగితే ముందు బాడీ పొడవు చాలలేదు. తరువాత రెండు చేతులూ ఎత్తండి. నడుము కుట్టు అర అంగుళానికి మించి పైకి లేస్తే చంక మరీ కిందికి కోశారు. కుర్చీలో కూర్చొని లేచి చూసినప్పుడు నడుము కుట్టు తన చోటుకు తానే తిరిగి రావాలి. చివరకు గౌనును తిరగేసి చూడండి. వేలాడే దారాలు, తీయకుండా మిగిలిపోయిన టాకాలు అక్కడే దొరుకుతాయి.

వేరే దారులు

అంచు లేని గుడ్డయితే అర్ధవృత్తం ఘేరా సులువు. 29 అంగుళాల నడుమును 3.14తో భాగిస్తే పై వంపు వ్యాసార్ధం తొమ్మిదింపావు వస్తుంది. దానికి పొడవు 29, మడతకు ఒక అంగుళం కలిపితే 39.25 కనుక 44 పన్నాలో రెండుంపావు మీటర్లతో తేలిపోతుంది. అయితే అర్ధవృత్తంలో కొంత భాగం క్రాసుగా వస్తుంది, క్రాసు గుడ్డ తన బరువుకు తానే సాగుతుంది. వియోనే తరహా క్రాసు గౌన్లకూ ఇదే చిక్కు. కింది అంచును ఆ రోజే కుట్టకుండా, గౌనును కనీసం ఒక పగలు, ఒక రాత్రి వేలాడదీసి, సాగినంత సాగాక నేల నుంచి కొలిచి సమంగా కోయండి. పూర్తి క్రాసు గౌనుకు మంగళగిరి నూలు బిరుసు కనుక క్రేపు వంటి జారే గుడ్డ తీసుకోవాలి. మొదటి గౌనుగా మాత్రం దాన్ని ఎవరికీ సలహా ఇవ్వను.

ఎండాకాలానికి నన్నడిగితే బలెన్సియాగా సంచి గౌనే మేలు. నడుము పట్టీ లేదు, కుచ్చిళ్లు లేవు, ఒంటికీ గుడ్డకూ మధ్య గాలి ఆడుతుంది. దానిలో కష్టమంతా భుజం, మెడ అమరికలోనే ఉంది కనుక అయిదో మెట్టులోని నమూనా పని తప్పదు. మెడను కాస్త వెనక్కి జరిపి, చేతులను మణికట్టుకు పైనే ఆపడం ఆయన పద్ధతి. గాజులు కనబడాలనుకునే మన చేతులకు అది చక్కగా నప్పుతుంది.

కుట్టిన గౌనును భుజాల మీద హ్యాంగరుకు తగిలిస్తే ఘేరా బరువుకు బాడీ సాగుతుంది. మిగిలిన ట్విల్ టేపుతో ఒక్కొక్కటి పది అంగుళాల పొడవున్న రెండు ఉచ్చులు చేసి, నడుము పట్టీకి రెండు పక్కలా కుట్టి, హ్యాంగరుకు వాటిని తగిలించండి. ఉతికాక ఆరవేసేటప్పుడు కూడా తీగ మీద నడుము దగ్గరే మడిచి, జరీ అంచు నీడ వైపుకు ఉండేలా వేయండి.